ముడినాటి ఎర్రనూలు

ముడినాటి కోట కనిపించేసరికి పొద్దు నడినెత్తి నుంచి పడమటికి వాలింది. ఇసుకదిబ్బ ఎక్కి నిలబడిన మైలమ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటే చూసింది. ఆమె పక్కన డోలు మెడలో వేసుకుని, మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయి నిలబడిన కనకావతి యువరాజు హేమాంగదుడు కూడా చూశాడు. మంత్రగత్తె ఏలే ఊరు అంత అందంగా ఉంటుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

పగడపురంగు రాళ్ళతో కట్టిన గోడ, ఆ గోడ పొడవునా విరగబూసిన అడవిమల్లె, బురుజు బురుజుకూ పురివిప్పి తిరిగే నెమళ్ళు. గోడ లోపల తెల్లసున్నం వేసిన ఇళ్ళు గట్టు మీద వాలిన కొంగల బారులా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఏ ఇంటికీ తలుపు లేదు. వాకిళ్ళకు గవ్వల తెరలు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే అరుగు. ఆ అరుగు మీద వీధి వీధంతా ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తింటారు. కప్పు నుంచి కప్పుకు, కప్పుల నుంచి ఊరి నడుమ నిలిచిన నల్లమేడకు, లెక్కలేనన్ని ఎర్రనూలు పోగులు సాగి ఉన్నాయి. గాలి కదిలినప్పుడల్లా అవి సన్నగా మోగుతున్నాయి. ఊరంతా ఎవరో శ్రుతి చేసి పెట్టిన వీణలా ఉంది.

"ఇలాంటి చోటు విడిచి మీ చెల్లెలు ఎందుకు రావాలనుకుంటుంది?" అన్నాడు హేమాంగదుడు.

"అది తన నోటితోనే వినాలి," అంది మైలమ.

మైలమది విడినాడు. ఈ కోటకు ఉత్తరాన నాగఘోష నది లోయ ఉంది, ఆ లోయకు అవతలి గట్టే ఆమె దేశం. అక్కడ మనిషికో గుట్ట, గుట్టకో ఇల్లు, ఇంటికో కంచె. ఎక్కడికి పోతున్నావని ఎవరూ ఎవరినీ అడగరు. నచ్చిన పని చేస్తారు, నచ్చిన దేవుణ్ణి మొక్కుతారు, నచ్చకపోతే మానేస్తారు. ఆ దేశపు రాజు కూడా తన గుర్రానికి తనే గడ్డి కోసుకుంటాడు. మైలమకు ఆ బతుకంటే ప్రాణం. విల్లు పట్టుకుని కొండమేకల వెంట నెలల తరబడి తిరిగినా తండ్రి ఎందుకని అడిగేవాడు కాదు. ఆ తండ్రి ఒక చలికాలం మంచాన పడి, ఆ మంచం మీదే పోయాడు. తలుపు మూసి ఉండడం చూసిన పక్క గుట్టవాళ్ళు, ముసలాయనకు ఏకాంతంగా ఉండాలనిపించింది కాబోలు అనుకుని వెళ్ళిపోయారు. చివరికి చిన్నకూతురు గుండమ వెళ్ళి చూసింది. తండ్రికి నిప్పు పెట్టిన చేతులతోనే మూట కట్టుకుని, "ఒకరి కడుపునొప్పి ఒకరికి తెలిసే చోట బతుకుతాను" అని చెప్పి ఆమె వంతెన దాటి ముడినాటికి వెళ్ళిపోయింది. మైలమ ఆపలేదు. ఆపడం విడినాట మర్యాద కాదు.

ఏళ్ళు గడిచాక ఒక ఉప్పు వర్తకుడు కబురు మోసుకొచ్చాడు. గుండమ నిండు నెలలతో కోటగోడ మీద నిలబడి విడినాటి కొండల వైపు చూస్తోందనీ, తనను చూసి పెదవులతో మాత్రం "అక్క" అన్నదనీ, గొంతు పైకి రానివ్వలేదనీ చెప్పాడు. ఆ మాట విన్న పూటే మైలమ బయలుదేరింది. వంతెన మీదుగా వచ్చేవారికి గడపలోనే మణికట్టుకు మంత్రపు నూలు కట్టేస్తారు కనుక, నదిని దూరాన దాటి, సర్పారణ్యం చుట్టి, ఎడారి వైపు నుంచి వచ్చింది. ఆ అడవిలోనే ఊబిలో దిగబడిపోతున్న హేమాంగదుణ్ణి తీగ విసిరి పైకి లాగింది. కనకావతిలో ఎవరు ఏ పని చెయ్యాలో, ఎవరిని పెళ్ళాడాలో, ఏ పూట ఏం తినాలో ఆస్థాన జ్యోతిష్కులే నిర్ణయిస్తారు. యువరాజుకు నవ్వే వేళ కూడా వాళ్ళే రాసిపెట్టారు. పట్టాభిషేకానికి కట్టిన తోరణాల కిందుగానే అతను పారిపోయి వచ్చాడు. ప్రాణం పోసిన మనిషి వెంట కొన్నాళ్ళు నడవాలన్నది అతను జీవితంలో సొంతంగా తీసుకున్న రెండో నిర్ణయం.

కోటద్వారం దగ్గర కావలివాళ్ళు ఎడమచెయ్యి చూపమన్నారు.

ముడినాట ఉండే ప్రతి మనిషి మణికట్టుకూ ఎర్రనూలు ఉంటుంది. నల్లమేడలో కూర్చుని కదురు తిప్పే తంతుమతి తన చేత్తో వడికిన నూలు అది. ఊరివాళ్ళు ఆమెను నూలమ్మ అంటారు. ఆ నూలు కట్టుకున్న ఒకరికి ముల్లు గుచ్చుకుంటే కట్టుకున్న అందరికీ చురుక్కుమంటుంది. దగ్గర ఉన్నవారికి ఎక్కువ, దూరాన ఉన్నవారికి తక్కువ. అందరూ పంచుకుంటారు కనుక ఎవరి నొప్పీ భరించలేనంత ఉండదు. సంతోషమూ, భయమూ అంతే. మైలమ, హేమాంగదుడు కట్టుకున్నది మాత్రం లత్తుకలో ముంచిన మామూలు పత్తిదారం.

"ఏ ఊరి డోలువాళ్ళు?" అన్నాడు కావలివాడు.

"తాటికుంట, అన్నా. అరుగు భోజనాల దగ్గర వాయించి పోదామని వచ్చాం," అంది మైలమ, ముడినాటి శివారు పల్లె పేరు చెప్పి.

కావలివాడు నవ్వి గడియ తీశాడు. బరువైన ఇనుపగడియ జారి అతని కాలి మీద పడింది. ఆ క్షణంలో ద్వారం దగ్గరి కావలివాళ్ళు, పూలమ్మే ఆడవాళ్ళు, నీళ్ళు మోసే ముసలివాడు, అందరూ కుడికాలు పైకెత్తి "స్స్" అన్నారు. వేటాడే మనిషి కనుక మైలమ కళ్ళు చురుకు. కావలివాడి ముఖం ముడుచుకోవడం చూసీ చూడగానే తానూ కాలెత్తింది. ఎత్తిన కాలును సూటిగా హేమాంగదుడి పాదం మీద దింపింది. యువరాజు ముఖంలో కనిపించిన బాధ ఎవరూ శంకించలేనంత నిజంగా ఉంది.

"చెప్పి తొక్కొచ్చు కదా," అన్నాడతను వీధిలోకి వచ్చాక, కుంటుతూ.

"చెబితే మీకు నటించడం వచ్చేది కాదు దొరా. నన్ను చూస్తూ ఉండండి. నేను మూలిగితే మూలగండి, నేను నవ్వితే నవ్వండి."

వాళ్ళు వీధులు తిరిగారు. ఒకచోట ఒక ముసలాయన పడిపోయిన పన్ను చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఆయన చుట్టూ జనం చేరి దవడలు నిమురుకుంటున్నారు. ఇంకోచోట ఎవరి బిడ్డో మొదటిసారి నడిచిందని వీధి వీధంతా పకపకా నవ్వుతోంది. మైలమ కూడా నవ్వింది. ఆ నవ్వులో నటన ఎంతో, నిజం ఎంతో ఆమెకే తెలియలేదు.

విడినాట పెంపుడు మేకలను ఇంటికి పిలవడానికి డోలు మీద ఒక మోత వాయిస్తారు. దారి పొడవునా నేర్పించి నేర్పించి మైలమ హేమాంగదుడికి అది వచ్చేలా చేసింది. ప్రతి వీధి మొదట్లో నిలబడి అతను ఆ మోత వాయించాడు. మొదటి రెండు వీధుల్లో ఎవరూ బయటికి రాలేదు. చింతచెట్ల వీధిలో ఒక గవ్వల తెర తొలగింది. నిండుకడుపుతో, పసుపు చీరలో, గుమ్మం పట్టుకుని గుండమ నిలబడి ఉంది.

"లోపలికి రండి," అంది మెల్లగా. "ఏడవకు అక్కా. నువ్వేడిస్తే నాకు ఏడుపొస్తుంది. నాకొస్తే వీధంతా వస్తుంది."

లోపల చాప మీద కూర్చున్నారు. మైలమ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి బాగా నిండుగా, ఆరోగ్యంగా ఉంది.

"నిన్ను ఇక్కడ బాగానే చూసుకున్నారే."

"బాగానే కాదక్కా, చాలా బాగా. నాకు తలనొప్పి వస్తే అడక్కుండానే నలుగురు వస్తారు. అబద్ధం చెప్పను, నాన్న ఇక్కడుంటే అలా పోయేవాడు కాదు."

మైలమ తల వంచుకుంది. "మరి ఎందుకు పిలిచావు?"

"ఇక్కడ మారన అనే పడవవాణ్ణి చేసుకున్నాను. మంచివాడు. తినేటప్పుడు కూడా పాడేవాడు. పోయిన వానాకాలం నది అతన్ని లాక్కుపోయింది. ఆ రోజు ఊరంతా ఏడ్చారు. నా దుఃఖం తలో కాస్తా పంచుకున్నారు. మర్నాడు లేచేసరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నా మొగుడి కోసం ఏడుద్దామని కూర్చుంటే రాలేదక్కా. ఎంత వెతుక్కున్నా రాలేదు. మిగతా వాళ్ళలాగే నవ్వుతూ కూర వండుకున్నాను." కడుపు మీద చెయ్యి వేసుకుంది. "ఇక్కడ కాన్పులు నిద్రలో చేస్తారు. మెలకువలో చేస్తే ఆ నొప్పికి వీధి వీధి పడిపోతుందని కషాయం తాగిస్తారు. బిడ్డ పుట్టీ పుట్టగానే, ఏడవకముందే నూలు కట్టేస్తారు. వీడి ఏడుపు వీడిది. అది నాకు వినాలని ఉంది."

"నూలు తెంచేసి ఇప్పుడే వచ్చెయ్యి," అన్నాడు హేమాంగదుడు.

"గోడ లోపల తెంచితే నూలమ్మకు ఆ క్షణమే తెలుస్తుంది బాబూ. ఎవరిది వాళ్ళే తెంచుకోవాలి, ఇంకొకరు కోస్తే తెగదు. తెగిన పోగు ఊరికే ఉండదు. పోయిన చేతికి బదులు ఇంకో చెయ్యి వెతుక్కుంటుంది. ముందు లేతచేతుల మీదికి పోతుంది."

ఆ మాట పూర్తికాకముందే గవ్వలు గలగలమన్నాయి. కషాయం ముంత పట్టుకుని మంత్రసాని ముమ్మడమ్మ లోపలికి వచ్చింది. పండుటాకులాంటి ముసలిది, చేతులు మాత్రం బలమైనవి. చుట్టాలను చూసి చిరునవ్వు నవ్వింది. "నొప్పులు మొదలయ్యే లోపలే తాగాలి తల్లీ. ఇవాళే అని నా చేతులు చెబుతున్నాయి."

సరిగ్గా అప్పుడు వీధి చివర పిండివంటలు చేసేచోట ఒక పిల్ల బాణలి అంచు పట్టుకుంది. ముమ్మడమ్మ, గుండమ, బయట అరుగు మీదివాళ్ళు, అందరూ ఎడమ అరచెయ్యి చప్పున వెనక్కి లాక్కున్నారు. మైలమ చెయ్యి వాళ్ళతోపాటే కదిలింది. హేమాంగదుడు గుండమ చెప్పిన సంగతే తలుచుకుంటూ కషాయం వైపు చూస్తున్నాడు. అతని చెయ్యి డోలు మీదే ఉండిపోయింది.

ముసలిది అతని చేతిని చూసింది. చెమటకు లత్తుక కరిగి మణికట్టు మీదుగా ఎర్రగా కారుతోంది.

ఆమె అరవలేదు. అరవాల్సిన అవసరం ఆ ఊళ్ళో లేదు. ఆమె గుండెలో పుట్టిన భయం నూలు వెంట పాకింది. బయట నవ్వులు ఆగిపోయాయి. డోలు మోతకు గుమిగూడిన పిల్లలు, అరుగు మీద వడ్డిస్తున్న ఆడవాళ్ళు, దూరాన నీళ్ళు తోడుతున్న మగవాళ్ళు, ఒక్కసారిగా తలలు తిప్పి ఆ ఇంటి వైపు చూశారు.

"పదండి," అంది మైలమ.

వెనకవాకిలి దగ్గర మల్లెబుట్టలు వేసిన ఒంటిగుర్రం బండి ఉంది. హేమాంగదుడు పగ్గాలు అందుకున్నాడు. అక్కాచెల్లెళ్ళు పూలబుట్టల మీద పడ్డారు. గుర్రం ముందుకాళ్ళు ఎత్తి దూకింది. సందులో గాదెలు దొర్లాయి, పందిళ్ళు కూలాయి, ఎర్రపోగులు తెగకుండా సాగి కొరడాల్లా ముఖాల మీద కొట్టాయి. వెనక ఊరంతా పరుగెత్తి వస్తోంది. కేకలు లేవు, తిట్లు లేవు. ఒకే అడుగు, ఒకే ఊపిరి. మైలమ వీపున మోసుకొచ్చిన మూటలోంచి విల్లు తీసి అందరికంటే ముందున్న ఈటెవాడికి గురిపెట్టింది.

గుండమ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "కొట్టకక్కా. వాడికి తగిలితే నాకూ తగులుతుంది. లోపల వీడికీ తగులుతుంది."

మైలమ బాణం దించింది. చేతిలో విల్లు ఉండి ఏమీ చెయ్యలేకపోవడం ఆమెకు అదే మొదలు.

బండి ఉత్తరద్వారం చేరేసరికి కావలివాళ్ళు గొలుసు వదిలి ఇనుపతలుపు దించుతున్నారు. తలుపు అంచుకూ నేలకూ మధ్య సందు బండెత్తు కంటే తక్కువకు దిగింది. అప్పుడే గుండమ రెండు చేతులా కడుపు పట్టుకుని ముందుకు వంగింది. మొదటి నొప్పి వచ్చింది. ద్వారం మీది కావలివాళ్ళు నడుము విరిగినట్టు వంగి గొలుసు మీదే కూలబడ్డారు. వాళ్ళ బరువుకు గొలుసు వెనక్కి లాగుకుని తలుపు జానెడు పైకి లేచింది. వెనక పరుగెత్తి వస్తున్న జనం గాలికి వాలిన చేనులా నేలకు ఒరిగారు. గుర్రం తలవంచి దూరిపోయింది. బండి పైకప్పు చీరుకుపోయి మల్లెలన్నీ గాలిలోకి లేచాయి.

గోడ దాటాక నేల రాళ్ళమయం. ఎదురుగా నాగఘోష లోయ నోరు తెరుచుకుని ఉంది. అడుగున నది పేరుకు తగ్గట్టే బుసకొడుతోంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వేలాడే తాళ్ళ వంతెన, దాని అవతల సంజెరంగులో విడినాటి గుట్టలు. బండిచక్రం రాతికి తగిలి విరిగింది. గుండమను చెరో భుజం పట్టుకుని ఇద్దరూ వంతెన మీదికి చేర్చారు. నడుమ దాకా వెళ్ళేసరికి గుండమ పలకల మీద కూలబడింది.

"ఇక నా వల్ల కాదు. ఇక్కడే."

వెనక్కి చూస్తే వంతెన మొదట్లో ముడినాటి జనం నిలబడి ఉన్నారు. జనాన్ని రెండుగా చీల్చుకుంటూ తెల్ల ఎద్దుల రథం వచ్చింది. దాని మీద తంతుమతి. జుట్టు వెండిపోగుల్లా నేలదాకా జారింది, ముఖం మీద ఒక్క ముడత లేదు. చేతిలో ఎముకతో చేసిన కదురు.

"ఇంటికి రా గుండమ్మా," అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. "అవతలి గట్టున నీకు ఎవరున్నారు? ఆ దేశంలో నువ్వు చచ్చినా పక్కింటివాడు తొంగిచూడడు. ఇక్కడ ఇంతమంది నీ నొప్పి మోస్తున్నారు. వీళ్ళను పడేసి పోయే హక్కు నీకెక్కడిది?"

గుండమ జవాబు చెప్పబోయింది. రెండో నొప్పి ఆమె మాటను మింగేసింది. వంతెన మొదట్లో ఉన్నవాళ్ళందరూ కడుపులు పట్టుకుని మోకాళ్ళ మీద కూలారు. ఈటెలు, కత్తులు రాళ్ళ మీద గణగణలాడాయి. మగవాళ్ళు పళ్ళు బిగించి మూలుగుతున్నారు. రథం తోలేవాడు ఎద్దుల మెడ మీద వాలిపోయాడు.

తంతుమతి నిటారుగా కూర్చునే ఉంది. కదురు తిప్పుతూనే ఉంది.

మైలమ చూసింది. జనంలో అందరికంటే ముందు మోకాళ్ళ మీద ఉన్న ముమ్మడమ్మ కూడా తలెత్తి చూసింది. నొప్పి సడలాక ముసలిది మెల్లగా లేచి రథం దగ్గరికి నడిచింది.

"అమ్మా," అంది. "నీకు నొప్పి రాలేదా?"

ముమ్మడమ్మ చెయ్యి చాచి ఆమె ఎడమచేతి పట్టుపవిట తొలగించింది. మణికట్టు తెల్లగా, నున్నగా ఉంది. నూలు కట్టిన గుర్తయినా లేదు.

"వడికే చెయ్యి వణకకూడదు ముమ్మడీ," అంది తంతుమతి. "ఒకరు బయట ఉండాలి."

"ఆ ఒకరు ఎవరో మమ్మల్ని ఎన్నడూ అడగలేదు కదమ్మా."

ముసలిది వెనుదిరిగి వంతెన ఎక్కింది. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆపాలని ఎవరికీ లోపల అనిపించలేదు కాబోలు. అనిపిస్తే అందరికీ అనిపించేది.

"కషాయం లేదు తల్లీ," అంది గుండమ దగ్గర కూర్చుంటూ. "మెలకువలో కాన్పు నేను చెయ్యలేదు. అయినా చేతులకు పని తెలుసు."

"అక్కా, కత్తి ఇయ్యి."

"ఇప్పుడు తెంచితే ఇంతమంది మోసేది నువ్వొక్కదానివే మొయ్యాలి," అంది మైలమ. "వాళ్ళు కూడా లేచి మన మీదికి వస్తారు. అవతలి గట్టు చేరాక తెంచు."

"తెంచకముందే పుడితే వాడూ వాళ్ళవాడే అవుతాడు. ఇయ్యి."

మైలమ ఇచ్చింది. గుండమ కత్తిమొన నూలు కింద దూర్చి పైకి లాగింది. నూలు తెగిన చప్పుడు లోయంతా మోగింది. ఆ వెంటనే గుండమ నోటి నుంచి వచ్చిన కేకలాంటిది మైలమ జీవితంలో ఎన్నడూ వినలేదు. అందులో పురిటినొప్పి ఒక్కటే లేదు. ఊరు పంచుకుపోయినదంతా ఒక్కసారిగా తిరిగి వచ్చి ఆమె మీద పడింది. "మారనా," అని పిలిచింది. "నీటిలో ఎంత చలివేసిందో మారనా." పిలుస్తూ, వెక్కుతూ, అక్క చేతిని ఎముకలు నలిగేలా పట్టుకుని, ఊగుతున్న వంతెన పలకల మీద ఆమె బిడ్డను కన్నది.

బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. గట్టున నిలబడ్డ జనం చేతులు కడుపుల మీదికి పోయాయి. అయినా ఏ నొప్పీ రాలేదు. ఒక ఏడుపు వాళ్ళ చెవులకు మాత్రమే వినిపించడం అదే మొదలు. ఎవరి ముఖం మీద ఏ భావం ఉండాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. అందరి ముఖాలూ ఒకేలా లేవు.

అది చూసి తంతుమతి లేచి నిలబడింది. కదురు గిర్రున తిరిగింది. పలకల మీద పడి ఉన్న తెగిన నూలు పడగెత్తింది. పాకుతూ పొడుగు సాగుతూ, మైలమ వేసిన కత్తివేటుకు వంగుతూ తప్పుకుంటూ, ముమ్మడమ్మ చేతుల్లోని పసికందు మణికట్టు వైపు దూకింది.

మధ్యలో ఒక చెయ్యి అడ్డం వచ్చింది. లత్తుక మరకలు ఆరిన హేమాంగదుడి చెయ్యి.

నూలు అతని మణికట్టుకు చుట్టుకుని బిగుసుకుంది. మిగిలిన తోక వంతెన అంచు దాటి లోయలోకి జారింది. అతను ఒక్కసారి వణికాడు. తరువాత అతని భుజాలు సడలాయి. దారి పొడవునా అతని కనుబొమల నడుమ ఉన్న ముడి విడిపోయింది.

"దొరా, తెంచెయ్యండి. ఇదిగో కత్తి," అంది మైలమ. "మీరే తెంచుకోవాలి, నేను తెంచితే తెగదు. దొరా."

అతను ఆమెను గుర్తుపట్టాడు. ఆప్యాయంగానే చూశాడు. "ఇక్కడ ఎంత తేలిగ్గా ఉందో నీకు తెలియదు మైలమా," అన్నాడు.

అలా అని లేచి ముడినాటి గట్టు వైపు నడిచాడు. మైలమ కత్తి పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయింది. "పిల్లకు చలి వేస్తోంది," అన్న ముమ్మడమ్మ మాటతో తెలివి తెచ్చుకుని, చెల్లెల్ని వీపున వేసుకుని అవతలికి పరుగెత్తింది. వాళ్ళ కాళ్ళు విడినాటి రాళ్ళను తాకాయో లేదో, వెనక తాళ్ళు తెగుతున్న చప్పుడు వినిపించింది. హేమాంగదుడు గట్టున నిలబడి వంతెన మోకులు నరుకుతున్నాడు. తెగిన మోకు జారుతూ అతని కుడి అరచేతిని చీరింది. అతనితోపాటు గట్టున ఉన్న అందరూ కుడిచెయ్యి విదిలించారు. వంతెన కూలి లోయలో పడింది. తమను ఎవరూ వెంటాడకూడదని నరికాడో, తాము తిరిగి రాకూడదని ఊరంతా కలిసి అతని చేత నరికించిందో మైలమకు ఎంతకీ అంతుబట్టలేదు. అతను మాత్రం నవ్వుతూ జనంలో కలిసిపోయాడు.

గట్టు కింద మేకలకాపరులు వదిలేసిన రాతిగుహ ఒకటి ఉంది. మైలమ అక్కడ ఎండుగడ్డి పరిచి, నిప్పు రాజేసి, చెల్లెల్ని పడుకోబెట్టింది. గుండమ ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే పిల్లకు పాలిస్తోంది. ముమ్మడమ్మ నిప్పు దగ్గర కూర్చుని తన మణికట్టు మీది నూలు వైపు చూసుకుంటోంది.

"దీన్ని తెంచుకునే ధైర్యం నాకింకా రాలేదు," అంది ముసలిది. "దాచను, నాకు భయం వేస్తే వాళ్ళకు తెలుస్తుంది. భయపడకుండా ఉండడానికి చూస్తాను. నువ్వు నమ్మితే ఉంటాను, లేకపోతే పొమ్మను."

మైలమ చెల్లెలి వైపు చూసింది.

"ఆవిడను ఉండనీ," అంది గుండమ. "నువ్వు అడగకముందే చెబుతున్నానక్కా. అతన్ని తేవడానికి నేను పొమ్మనకపోతే నువ్వు పోలేవని తెలుసు. నా కూతురి కోసం చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతిని అక్కడ వదిలేసి నేను పాలివ్వలేను."

"అతను నవ్వుతూ పోయాడే. రానంటే?"

"నేనూ ఇన్నాళ్ళు నవ్వాను."

మైలమ విల్లు వీపున బిగించి, మేకలు మాత్రమే దిగగలిగే దారిలో లోయలోకి దిగడం మొదలుపెట్టింది. రాళ్ళు చేతికింద విరుగుతున్నాయి. అడుగుకు చేరేసరికి పడమటి వెలుగు కొండ అంచున సన్నని గీతగా మిగిలింది. ఆమె నడుము లోతు నీళ్ళలోకి నడిచింది. ప్రవాహం మోకాళ్ళను లాగుతోంది. ఎదుటి గట్టు కొండ నిలువుగా ఉంది, పట్టు దొరికే చోటు ఎక్కడా కనిపించలేదు.

అప్పుడు ఆమె చీలమండకు ఏదో మెత్తగా చుట్టుకుంది. నాచు అనుకుని వంగి పట్టుకుంది. అది ఎర్రగా ఉంది. ఎదుటి గట్టు మీద నుంచి కిందిదాకా వేలాడి నీళ్ళలో తేలుతున్న, హేమాంగదుడి మణికట్టుకు చుట్టుకున్న నూలు తోక.

నడుము నుంచి కత్తి లాగి నీళ్ళలోకి దించింది. చీలమండ మీది చుట్టును విడదీసి, పిడికిట్లోని పోగును దూరంగా విసరబోయి ఆగిపోయింది. ఆ పోగు పట్టుకున్న ఆమె కుడి అరచెయ్యి మండుతోంది. గాయం లేదు, రక్తం లేదు. చీరుకుపోయిన చోట ఉప్పునీరు తగిలినట్టు సన్నని మంట. ఆ నొప్పి ఎవరిదో ఆమెకు తెలిసింది. ఊరంతా పంచుకున్నాక కూడా ఇంకా ఇంత మిగిలి ఉందంటే అతను దాన్ని పూర్తిగా వదులుకోలేదన్నమాట.

మైలమ కత్తిని పళ్ళ మధ్య పెట్టుకుంది. నూలును మణికట్టుకు తగలనివ్వకుండా రెండు పిడికిళ్ళ నడుమ బిగించి, బరువు ఆగుతుందో లేదో ఒకసారి లాగి చూసి, నిట్టనిలువు కొండ మీద మొదటి కాలు ఆనించింది.